తోటి ప్రయాణికురాలి కోసం విమానాశ్రయంలో ఐదున్నర గంటలు: ముందు ఏ వైపున ఉండాలో తేల్చుకోండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. ఉదయం ఆరు గంటలకు మీరు ఒక పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయంలో దిగుతారు. మీతో కలిసి ప్రయాణించవలసిన స్నేహితురాలు మరో దేశం నుంచి పదకొండున్నరకు అక్కడికే వస్తారు. మధ్యాహ్నం మూడున్నరకు ఇద్దరూ ఒకే విమానం ఎక్కి ముందుకు సాగాలి. నడుమ ఉన్న ఐదున్నర గంటలు విసుగు లేకుండా ఎలా గడపాలని మీ ప్రశ్న. పుస్తకం చదవమని, సినిమా చూడమని, దుకాణాలు తిరగమని మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. వాటిలో తప్పేమీ లేదు. అయితే ఉద్యోగరీత్యా ఇలాంటి నిరీక్షణలు లెక్కలేనన్ని చేసినవాడిగా నేను గమనించినదేమంటే, ఏం చేయాలన్నది రెండో ప్రశ్న. తలుపుకు ఏ వైపున ఉండి చేయాలన్నది మొదటిది. మొదటిదాన్ని తేల్చుకోకుండా రెండోదానికి దిగినవాళ్లే విమానాశ్రయాల్లో ఎక్కువగా అవస్థ పడతారు.

విమానాశ్రయంలో తలుపులు చాలావరకు ఒకే దిశలో పనిచేస్తాయి. ఇమ్మిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, కస్టమ్స్ తలుపు గుండా బయటకు వచ్చాక, అదే తలుపులోంచి మళ్లీ లోపలికి వెళ్లనివ్వరు. లోపలికి రావాలంటే డిపార్చర్స్ వైపునుంచి బోర్డింగ్ పాస్ చేతపట్టుకుని, సెక్యూరిటీ చెక్ మొదటినుంచీ మళ్లీ చేయించుకోవాలి. కాబట్టి దిగగానే జనంతోపాటు బయటికి నడిచేయకండి. ట్రాన్సిట్ (ఆ దేశంలోకి ప్రవేశించకుండా లోపలినుంచే మరో విమానానికి వెళ్లే దారి) వైపు చూపే బాణం ఒకటి, అరైవల్స్ (ఇమ్మిగ్రేషన్ దాటి బయటికి వెళ్లే దారి) వైపు చూపే బాణం మరొకటి కనిపించే చోట ఒక్క నిమిషం ఆగండి. మీ ఐదున్నర గంటలు ఎలా గడుస్తాయో తేలిపోయేది అక్కడే.

సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయాన్ని ఉదాహరణగా తీసుకోండి. అక్కడి జ్యువెల్ భవనంలో 40 మీటర్ల ఎత్తునుంచి దూకే ఇండోర్ జలపాతం గురించి 2019 తర్వాత ప్రయాణం చేసినవాళ్లందరూ చెబుతారు గాని, అది ఇమ్మిగ్రేషన్‌కు బయట ఉందన్న మాట చాలామంది చెప్పరు. ట్రాన్సిట్‌లో ఉన్న మనిషి దాన్ని చూడాలంటే ఆ దేశంలోకి ప్రవేశించాల్సిందే, వీసా అవసరమైతే అది చేతిలో ఉండాల్సిందే. అదే విమానాశ్రయంలో మూడో టెర్మినల్‌లోని సీతాకోకచిలుకల తోట మాత్రం ట్రాన్సిట్ ప్రాంతంలోనే ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్కిపోల్‌లో రైక్స్‌మ్యూజియం వారి చిన్న ప్రదర్శనశాల పాస్‌పోర్టు తనిఖీ దాటిన తర్వాత వస్తుంది; బయట నిలబడి ఎదురుచూసేవారికి అది అందదు. అంటే ఒకే విమానాశ్రయంలో చూడదగినవి రెండు వైపులా ఉంటాయి, ఒక వైపున్నవారికి రెండోవైపువి లేనట్టే. మీరు దిగబోయే చోట ఏది ఎక్కడుందో ఆ విమానాశ్రయపు వెబ్‌సైట్‌లోని మ్యాపులో ముందే చూసుకోండి. పది నిమిషాల పని.

ఇక ఏ వైపున ఉండాలన్నది మీ టికెట్లనుబట్టి తేలుతుంది. మీ ఇద్దరి ప్రయాణమూ ఎవరిది వారికి ఒకే బుకింగ్ కింద ఉండి, సామాను నేరుగా చివరి గమ్యానికి ట్యాగ్ అయి ఉంటే, ఇద్దరూ లోపలే ఉండిపోయి ట్రాన్సిట్ ప్రాంతంలో కలుసుకోవడం అన్నిటికన్నా సులువు: వీసా గొడవ లేదు, సామాను మోయనక్కర్లేదు, సెక్యూరిటీ క్యూలో నిలబడేది కూడా ట్రాన్సిట్ దారిలో ఒక్కసారే. ఇద్దరిలో ఏ ఒక్కరికైనా విడివిడి టికెట్లు ఉంటే పరిస్థితి వేరు. ఆ ఒక్కరూ బయటికి వచ్చి, పెట్టె తీసుకుని, మళ్లీ చెక్-ఇన్ చేయవలసి వస్తుంది. అప్పుడు లోపల ఉన్న మీరు, బయట ఉన్న ఆమె గాజుగోడకు అటూ ఇటూ నిలబడి ఫోన్‌లో మాట్లాడుకునే స్థితి ఏర్పడుతుంది. దాని వల్ల కొంపేమీ మునగదు గాని, తొలిసారి అంత దూరం ప్రయాణిస్తున్న మనిషికి బయట తోడు అవసరమనుకుంటే మీరూ బయటికి రావడమే మేలు. బయటికి రావడానికి వీసా కావాలా అన్నది ప్రయాణానికి చాలా ముందే చూసుకోవాలి. కొన్ని దేశాలు విమానాశ్రయం దాటకపోయినా ట్రాన్సిట్ వీసా అడుగుతాయన్నది కూడా గుర్తుంచుకోండి.

బయట ఉండబోతున్నట్లయితే సామాను మీకు బరువు అవుతుంది. సామాను ట్రాలీ మీద వేసుకుని మరుగుదొడ్డికి వెళ్లడం ఎంత ఇబ్బందో ఒంటరిగా ఎదురుచూసినవారికే తెలుస్తుంది. పెట్టెను అక్కడే వదిలి వెళితే భద్రతా సిబ్బంది దాన్ని అనుమానాస్పద వస్తువుగా చూస్తారు, పక్కవారికి అప్పగించి వెళ్లడమూ సరికాదు. సామాను భద్రపరిచే గది ఉంటే డబ్బుకు వెనుకాడకుండా దానిలో పెట్టేయండి. చెక్-ఇన్ కౌంటర్లు సాధారణంగా విమానం బయలుదేరడానికి సుమారు మూడు గంటల ముందు తెరుస్తారు గనుక, ఉదయం ఆరింటికి పెట్టె అప్పగించేయవచ్చని ఆశించకండి. ఒకవేళ ముందే తీసుకునే అవకాశం ఉన్నా, ఆమె విమానం దిగేదాకా అప్పగించవద్దనే నేను చెబుతాను. కారణం ఉంది. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా 182వ నంబరు విమానం అట్లాంటిక్ మీద పేలిపోయి 329 మంది మరణించినప్పుడు, బాంబు ఉన్న పెట్టె విమానం ఎక్కింది, దాన్ని చెక్-ఇన్ చేసిన మనిషి ఎక్కలేదు. ఆ తర్వాతే, ప్రయాణికుడు ఎక్కని పక్షంలో అతని పెట్టెను దింపేయాలన్న నిబంధన అంతర్జాతీయ విమానాల్లో గట్టిపడింది. స్నేహితురాలు రాలేదని మీరు ఆఖరి నిమిషంలో ఆగిపోతే, విమానం కడుపులోంచి మీ పెట్టెను వెతికి తీయవలసి వస్తుంది, దానితో వందలమంది ఆలస్యమవుతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తన విమానం కోసం ఎదురుచూసేవాడికి సమయం టికెట్ మీద రాసి ఉంటుంది. మనిషి కోసం ఎదురుచూసేవాడికి అలాంటి గీత ఉండదు. అందుకే అర్ధగంటకోసారి లేచి రాకల బోర్డు చూడడం, మళ్లీ కూర్చోవడం, చదివిన పేజీనే మళ్లీ చదవడం. ఈ అశాంతికి మందు వినోదం కాదు, సమాచారం. ఆమె ఎప్పటికి వస్తారో మీకు నమ్మకంగా తెలిసినప్పుడు మిగిలిన గంటలు వాటంతటవే మీ చేతికి వస్తాయి.

ముందుగా తేదీ. అర్ధరాత్రి దాటి ఇరవై నిమిషాలకో ముప్పై నిమిషాలకో బయలుదేరే విమానాల విషయంలో అనుభవజ్ఞులు కూడా పొరబడతారు. ఒకసారి నేను "పదో తేదీ రాత్రి 12:35 విమానం" అన్న మాట పట్టుకుని ఎదురుచూశాను. నేను కలవవలసిన మనిషి పదో తేదీ మొదలైన ముప్పై అయిదు నిమిషాలకే బయలుదేరి వచ్చి వెళ్లిపోయారు. నేను వెళ్లింది ఇరవై నాలుగు గంటలు ఆలస్యంగా. అందుచేత తేదీని మాటల్లో చెప్పించుకోకుండా టికెట్ కాపీయే పంపమనండి. దాని మీద బయలుదేరే సమయం అక్కడి స్థానిక కాలంలోనూ, చేరే సమయం ఇక్కడి స్థానిక కాలంలోనూ ఉంటాయి, పక్కన "+1" అని ఉంటే మర్నాడని అర్థం. రెండోది విమానం నంబరు. ఒకే విమానాన్ని రెండు మూడు కంపెనీలు తమతమ నంబర్లతో అమ్ముతాయి. బోర్డు మీద ఆ నంబర్లు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ కనిపిస్తాయి. మీరు వెతికే నంబరు కనిపించకపోతే కంగారుపడక కొన్ని సెకన్లు ఆగి చూడండి, లేదా బయలుదేరిన ఊరు, సమయం చూసి పోల్చుకోండి. టికెట్‌లో టెర్మినల్ సంఖ్య కూడా ఉంటుంది. అది మీ టెర్మినల్ కాకపోతే ఆ దూరం నడవడానికో షటిల్ ఎక్కడానికో అర్ధగంట పక్కన పెట్టుకోండి.

మూడోది, ఆ విమానం ప్రస్తుతం ఎక్కడుందన్నది. విమానాలు తమ స్థానాన్ని, ఎత్తును, వేగాన్ని 1090 మెగాహెర్ట్జ్ రేడియో తరంగం మీద సెకనుకు సుమారు రెండుసార్లు ప్రసారం చేస్తూ ఉంటాయి. నేల మీది రిసీవర్లు దాన్ని అందుకుని ఇంటర్నెట్‌కు చేరవేయడం వల్లే ఫ్లైట్‌రాడార్24 వంటి సైట్లలో విమానం బొమ్మ కదులుతూ కనిపిస్తుంది. ఆకాశంలో ఎత్తున ఉన్న విమానాన్ని కూడా నేల మీది రిసీవరు సుమారు 400 కిలోమీటర్ల దూరం వరకే పట్టుకోగలదు. అందువల్ల సముద్రం మధ్యలో బొమ్మ మాయమైనా, తిన్నని గీతలో అంచనాగా కదిలినా మీ గుండె జారనక్కర్లేదు. అక్కడ వినేవాడు లేడంతే. పడమర నుంచి తూర్పుకు వచ్చే విమానాలకు జెట్ స్ట్రీమ్, అంటే ఆకాశంలో బాగా ఎత్తున అదే దిశలో వేగంగా వీచే గాలి, వెనుకనుంచి తోడ్పడుతుంది. ముఖ్యంగా శీతకాలంలో అది గంటకు 200 కిలోమీటర్ల వేగం దాటడం సాధారణమే గనుక, అటువంటి విమానం చెప్పిన వేళకన్నా అర్ధగంట ముందే దిగడం వింతేమీ కాదు. ఎదురుగాలిలో పడమరకు వచ్చేవారి విషయంలో ఆ ఉదారత ఆశించకూడదు.

"ల్యాండెడ్" అని బోర్డు చూపగానే పరుగున తలుపు దగ్గరికి వెళ్లి నిలబడడం అందరూ చేసే పొరపాటు. చక్రాలు నేల తాకిన తర్వాత గేటు దాకా రావడానికి పెద్ద విమానాశ్రయాల్లో పది, పదిహేను నిమిషాలు పడుతుంది. టికెట్ మీద ఉన్న రాక సమయం నిజానికి చక్రాలు నేల తాకేది కాదు, విమానం గేటు వద్ద ఆగేది. ఆపైన దిగడం, నడవడం, ఇమ్మిగ్రేషన్ క్యూ, బ్యాగేజీ బెల్టు. ఈ మొత్తానికి నా లెక్క ముప్పావు గంటనుంచి గంటన్నర. చేతిసంచీతో మాత్రమే వచ్చేవారైతే ఇందులో బెల్టు వంతు తీసేయండి. ట్రాన్సిట్‌లోనే ఉండిపోయేవారైతే ఇరవై నిమిషాలకే కనిపిస్తారు. కాబట్టి బయట ఎదురుచూస్తున్నట్లయితే, పదకొండున్నర విమానానికి మీరు పన్నెండు దాకా నిశ్చింతగా కూర్చోవచ్చు. ఐదున్నర గంటలు ఆరు గంటలయ్యాయని బాధపడకండి, ఆ అరగంట తలుపు దగ్గర నిలబడే గడపవలసిన అవసరం లేదని చెప్పడమే నా ఉద్దేశం.

సమయం ఎలా గడపాలన్నదానికి వస్తే, మొదటి గంట శరీరానికి ఇచ్చేయండి. రాత్రంతా కూర్చుని వచ్చి, మళ్లీ మధ్యాహ్నం కూర్చోబోతున్నారు. నాలుగు గంటలు, అంతకుమించి కదలకుండా కూర్చుని చేసే ప్రయాణాల వల్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన అధ్యయనం చెబుతోంది. ఆరోగ్యవంతుల్లో అది దాదాపు 6,000 మందిలో ఒకరికి వచ్చేది గనుక భయపడవలసిన పని లేదు. అయితే ఖాళీగా ఉన్న గంటలను కూడా కుర్చీకే అంకితం చేయడంలో అర్థం లేదు. ముఖం కడుక్కుని, నీళ్ల సీసా నింపుకుని, టెర్మినల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడవండి. ఈ నడక వల్ల రెండు ప్రయోజనాలు: కాళ్లు సాగుతాయి, మంచి చోటు దొరుకుతుంది. మంచి చోటంటే నా దృష్టిలో మూడు గుణాలున్నది: వెనుక గోడ, పక్కన ప్లగ్గు, తల ఎత్తితే కనిపించే బోర్డు. దుకాణాల మధ్య అది దొరకదు. ఎవరూ లేని ఆఖరి గేట్ల వైపు, లేదా మెట్ల పైఅంతస్తులో దొరుకుతుంది.

నిద్ర రాకపోతే వదిలేయండి. వస్తే ఇరవై, ముప్పై నిమిషాలు పడుకోండి, లేదంటే గంటన్నర. మధ్యలో గాఢనిద్రలోంచి లేస్తే తల దిమ్ముగా ఉంటుంది. అలారం పెట్టి, ఫోన్ వైబ్రేషన్‌లో ఉంచి, దాన్ని జేబులో గాక చొక్కా లోపల తగిలేట్టు పెట్టుకోండి. సంచీ పట్టీని మోచేతికి చుట్టుకుని, పాస్‌పోర్టు ఒంటి మీదే ఉంచుకోండి. లౌంజ్‌కు, అంటే విడిగా ఉండే విశ్రాంతి గదికి, డబ్బు పెట్టాలా అని అడిగితే, స్నానం చేసే వీలుంటే పెట్టవచ్చనీ, కుర్చీ కోసమైతే అక్కర్లేదనీ అంటాను. చాలా లౌంజ్‌లలో మూడు గంటల పరిమితి ఉంటుంది గనుక, వెళితే ఆమె రాకకు ముందటి మూడు గంటలకు వెళ్లండి, దిగగానే కాదు.

మిగిలిన సమయానికి విమానాశ్రయమే చక్కని కాలక్షేపం, కిటికీ ఉంటే చాలు. రన్‌వే మొదట్లో పెద్ద అంకెలు తెల్లగా రాసి ఉంటాయి; అవి రన్‌వే చూపే అయస్కాంత దిశను పదితో భాగించగా వచ్చినవి. 09 అంటే తూర్పు, అదే రన్‌వేకు రెండో కొసన 27, అంటే పడమర. రెంటి మధ్యా ఎప్పుడూ 18 తేడా ఉంటుంది. భూమి అయస్కాంత ధ్రువం జరుగుతూ ఉండడం వల్ల కొన్నేళ్లకోసారి ఈ అంకెలను చెరిపి మళ్లీ రాయవలసి వస్తుంది కూడా. లండన్ దగ్గరి స్టాన్‌స్టెడ్‌లో 2009లో 05/23 కాస్తా 04/22 అయింది. విమానాలు గాలికి ఎదురుగా లేస్తాయి, గాలికి ఎదురుగానే దిగుతాయి. అప్పటిదాకా కుడివైపునుంచి దిగుతున్నవన్నీ కాసేపు ఆగి ఎడమవైపునుంచి దిగడం మొదలుపెట్టాయంటే గాలి మారిందన్నమాట. వరుస తిరిగేసరికి కొన్ని నిమిషాలు పడుతుంది, మీ స్నేహితురాలి విమానం ఆ సమయానికి పైన చక్కర్లు కొడుతూ ఉండవచ్చు. బోర్డు ఈ సంగతి కాస్త ఆలస్యంగా చెబుతుంది, కిటికీ ముందే చెబుతుంది.

బయట, అరైవల్స్ తలుపు ముందు ఉన్నవారికి రన్‌వే కనిపించదు. కాని అక్కడ అంతకన్నా పనికొచ్చేది ఒకటుంది: వచ్చేవాళ్ల పెట్టెల పిడులకు చుట్టిన పొడవాటి తెల్ల కాగితం. దాని మీద పెద్ద అక్షరాల్లో గమ్యస్థానపు మూడక్షరాల కోడ్, దాని దగ్గరే విమానం నంబరు, తేదీ ఉంటాయి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఎక్కించిన పెట్టె అయితే ఆ కాగితం అంచుల వెంబడి ఆకుపచ్చ గీతలుంటాయి. బార్‌కోడ్ కింద పది అంకెలుంటాయి, వాటిలో రెండో అంకెనుంచి మూడు అంకెలు విమాన కంపెనీకి సంకేతం. ఒక పెద్దాయన ట్రాలీ తోసుకుంటూ మీ ముందునుంచి వెళుతున్నప్పుడు, ఆ కాగితం మీద మీ స్నేహితురాలి విమానం నంబరు కనిపించిందనుకోండి, ఆ విమానపు సామాను బెల్టు మీదికి వచ్చేసిందని మీకు తెలిసిపోయినట్టే. బోర్డు ఆ మాట చెప్పదు. గుంపులో మెడ సాచి ముఖాలు వెతికేవారికన్నా, కిందికి చూసి ట్యాగులు చదివేవాడు ప్రశాంతంగా ఉంటాడు. ఏ విమానానివీ రానప్పుడు ఆ కోడ్‌లే ఒక ఆట: చికాగో ఒహేర్‌కు ఓఆర్‌డీ అన్న కోడ్ ఎందుకంటే ఆ మైదానం పాత పేరు ఆర్చర్డ్ ఫీల్డ్, కెనడా కోడ్‌లు చాలావరకు వై అక్షరంతో మొదలవుతాయి.

ఫోన్ విషయం రెండు మాటల్లో. పవర్ బ్యాంకును చేతిసంచీలోనే ఉంచాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. అనుమతి అడగకుండా తీసుకెళ్లగలిగినది 100 వాట్-అవర్ల వరకు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్. విమానాశ్రయపు వైఫై కొన్నిచోట్ల ఓటీపీ పంపుతుంది, రోమింగ్ లేని సిమ్‌కు ఆ ఓటీపీ రాదు. ఇది మీకే గాక ఆమెకూ వర్తిస్తుంది. అందుచేత ఆమె బయలుదేరక ముందే, ఫోన్లు రెండూ పనిచేయకపోతే ఎక్కడ కలవాలో ఒక చోటు ఖాయం చేసుకోండి. "అరైవల్స్ దగ్గర" అంటే చోటు కాదు. ఒకే హాలుకు రెండు ద్వారాలుంటాయి, నేనొకసారి ఎడమ ద్వారం దగ్గర, నా తోటి ఉద్యోగి కుడి ద్వారం దగ్గర ముప్పావు గంట నిలబడ్డాం, మా మధ్య దూరం వంద అడుగులు కూడా లేదు. చాలా విమానాశ్రయాల్లో నాలుగు బాణాలు ఒక చుక్క వైపు చూపే గుర్తుతో కలుసుకునే చోటు అని బోర్డు ఉంటుంది. అది మ్యాపులో ఉంటే దాన్నే, లేకుంటే సమాచార కేంద్రాన్ని చెప్పుకోండి. ట్రాన్సిట్‌లో అయితే మీ మూడున్నర విమానపు గేటు చెప్పుకోవద్దు, అది మారవచ్చు.

ఆమె విమానం బాగా ఆలస్యమైతే ఏం చేయాలన్నది ఉదయమే, ప్రశాంతంగా ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి. అంతర్జాతీయ విమానాలకు చెక్-ఇన్ సాధారణంగా గంట ముందు మూసేస్తారు. గేటు పావుగంట, ఇరవై నిమిషాల ముందు మూస్తారు. మూడున్నర విమానమంటే రెండున్నరకు కౌంటరు, మూడుంబావుకల్లా గేటు. ఆమెది ఒకే బుకింగ్ అయితే, తప్పిపోయిన పక్షంలో మరో విమానంలో పంపే బాధ్యత విమాన కంపెనీది. మీరు ఆగడం వల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదు, మీ టికెట్ మాత్రం పోతుంది. విడి టికెట్ అయితే ఆ బాధ్యత ఎవరిదీ కాదు, అప్పుడు ఆగాలా వద్దా అన్నది మీ ఇద్దరి మధ్య మాట. ఆ మాట ముందుగానే అనుకుని, "రెండింటికల్లా నేను కనిపించకపోతే నువ్వు వెళ్లిపో" అని ఆమె చేతనే చెప్పించుకోండి. ఇలా చెప్పించుకున్న రోజుల్లో నేను ఎవరికోసమైనా నిబ్బరంగా ఎదురుచూడగలిగాను.

ఆమె వచ్చాక వెంటనే చెక్-ఇన్ వైపు లాక్కెళ్లకండి. మీకు ఆరు గంటలుగా ఆ చోటు అలవాటైపోయి ఉంటుంది, ఆమెకు అదంతా కొత్త. పెట్టె మీరు పట్టుకుని, పొద్దున మీరు వెతికిపెట్టుకున్న మరుగుదొడ్డి, నీళ్ల కుళాయి, గోడ పక్క కుర్చీ, ఆ వరుసలోనే చూపించండి.